నిలకడ విద్య

తాతగారి చేతికర్రను అరచేతిపై నిలువుగా నిలబెట్టి వసారా అంతయు తిరిగిన చిన్ననాటి ముచ్చట మనలో చాలమందికి జ్ఞాపకముండును. ఆ ఆట తాతగారి కేకతోనో, గోడనున్న పటము అద్దము పగులుటతోనో ముగిసెడిది. అందులో ఒక శాస్త్రము ఇమిడియున్నదనియు, దానిని సమీకరణములలో పెట్టుటకు పెద్ద పెద్ద గణితవేత్తలకు నూరేండ్లకు పైగా పట్టినదనియు అప్పుడు మన మెరుగము.

ఒక్కసారి ఆ కర్రను మరల చేతిలోనికి తీసికొందము. చూపు కర్ర కొనమీద ఉండవలెను; చేతివైపు చూచినచో కర్ర నిలువదు. కొన ఎటు వాలుచున్నదో చేయి అటే పోవలెను. పోవలెను గాని మితిమీరి పోరాదు. పోయినచో ఇటు పడబోయిన కర్ర అటు పడును. ఇంకొక వింత కూడ కలదు. మీటరు పొడవున్న కర్ర అరచేతిపై నిలుచును గాని పెన్సిలు నిలువదు. పొట్టి వస్తువు త్వరగా పడుటయే ఇందుకు కారణము. కన్ను చూచి, మెదడు గ్రహించి, చేయి కదలుటకు సుమారు సెకనులో అయిదవ వంతు పట్టును. ఆ వ్యవధిలోనే పెన్సిలు మనకు అందనంతగా వాలిపోవును. వార్త సకాలమున అందవలెను. దిద్దుబాటు తగుమాత్రముగా ఉండవలెను. రాబోవు కథ అంతయు ఈ రెండు మాటల చుట్టే తిరుగును.

జరిగినదానిని కనిపెట్టి, ఆ వార్తను బట్టి తరువాతి చేష్టను మార్చుకొనుటను ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అందురు. తెలుగులో మనము ‘తిరుగువార్త’ అని చెప్పుకొందము. రేడియోలో పనిచేయు మావంటివారికి దీని దుష్టరూపము బాగుగా పరిచితము. ఒకసారి ఒక ఊరి సభలో నేను ‘సభకు నమస్కారము’ అన్నంతనే పందిరి అదరునట్లు ఒక కూత బయలుదేరినది. మైకును లౌడుస్పీకరు ఎదుటనే నిలబెట్టినారు. స్పీకరు ధ్వని మైకులో దూరుట, ఆంప్లిఫయరు దానిని పెంచి మరల స్పీకరునకు పంపుట, అది మరల మైకులో దూరుట, ఇట్లు ఒక ధ్వని తన్ను తానే మేపుకొని పెరిగినది. ఆనాటి నా ఉపన్యాసములో సభికులకు జ్ఞాపకము మిగిలినది ఆ కూత ఒక్కటే అనుకొందును. తిరుగువార్త తప్పును పెంచినచో ఇట్లగును. తగ్గించినచో కర్ర నిలుచును. చిక్కేమనగా, తప్పును తగ్గించుటకై పెట్టిన ఏర్పాటే ఆలస్యమైనప్పుడు తప్పును పెంచునదిగా మారును. ఈ సంగతి మొదట ఆవిరియంత్రములవారికి తెలిసివచ్చినది.

1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రమునకు ఒక చిన్న పరికరమును తగిలించినాడు. నిలువు ఇరుసునకు రెండు చేతులు, చేతుల చివర రెండు ఇనుప గుండ్లు. యంత్రము వేగము హెచ్చినచో గుండ్లు విచ్చుకొని పైకి లేచును, వాటితో కూడిన మీట ఆవిరి త్రోవను కొంత మూయును, వేగము తగ్గును. తగ్గినచో గుండ్లు దిగును, త్రోవ తెరచుకొనును. అట్టి గుండ్లను గాలిమరలలో అంతకు ముందే వాడియున్నారు. వాట్ దీనిపై పేటెంటు కోరలేదు. దీనికి పెట్టిన పేరు గవర్నరు.

మొదట అందరును సంతోషించినారు. రానురాను యంత్రములు పెద్దవైనవి, పనితనము మెరుగైనది, ఇరుసులు నునుపైనవి. అప్పుడొక వింత రోగము బయలుదేరినది. యంత్రము కొంతసేపు పరుగెత్తును, కొంతసేపు నీరసించును, మరల పరుగెత్తును. గుండ్లు లేచుచు దిగుచు ఉండునే గాని ఒకచోట నిలువవు. యంత్రము తన వేగమును తానే వెదకుకొనుచు తిరుగుచున్నట్లుండుటచేత ఇంగ్లండు మెకానిక్కులు దీనిని ‘వేట’ అన్నారు. గ్రీనిచ్ వేధశాల అధిపతి జార్జి ఎయిరీకి ఇదే కష్టము దూరదర్శిని దగ్గర ఎదురైనది. నక్షత్రము వెంట దూరదర్శినిని మెల్లగా త్రిప్పుటకు అమర్చిన గవర్నరు వెఱ్ఱెత్తినట్లు ఊగుటను చూచి, 1840లో ఆయన దానిని గణితముతో విచారించి వ్యాసము ప్రకటించినాడు.

తరువాత ఈ ప్రశ్నను పట్టుకొన్నవాడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. విద్యుదయస్కాంత తరంగముల సిద్ధాంతము ఆయనదే కనుక రేడియో ఉన్న ప్రతి యిల్లును ఆయనకు ఋణపడియున్నది. 1868లో రాయల్ సొసైటీ పత్రికలో ‘గవర్నరులను గురించి’ అను వ్యాసము వ్రాసి, ఆయన ప్రశ్న రూపమునే మార్చివేసినాడు. యంత్రము సరిగా నడచుచుండగా దానిని కొంచెము కదలించినామనుకొందము. ఆ కదలిక క్రమముగా అణగిపోవచ్చును, పెరిగిపోవచ్చును, ఊగుచు అణగవచ్చును, ఊగుచు పెరగవచ్చును. ఈ నాలుగింటిలో ఏది జరుగునో యంత్రమును నడపి చూడనక్కరలేదు. దాని సమీకరణమునకు మూలములను చూచిన చాలునని ఆయన నిరూపించినాడు. అయితే కొన్ని సులభమైన సమీకరణములకు మాత్రమే ఆయన నియమము చెప్పగలిగినాడు. ఎంత చిక్కు యంత్రమునకైనను వర్తించు నియమమును 1877లో ఎడ్వర్డ్ రౌత్ ఇచ్చి, కేంబ్రిడ్జిలో ఆడమ్స్ బహుమానమును పొందినాడు. 1854 నాటి కేంబ్రిడ్జి గణిత పరీక్షలో మొదటివాడు రౌత్, రెండవవాడు మాక్స్‌వెల్. పరీక్షలో తన్ను దాటిపోయినవాడే తన లెక్కను పూర్తిచేసినాడన్నమాట.

యంత్రశాలలలోని ఇంజనీర్లు ఈ వ్యాసములను అంతగా పట్టించుకొనలేదు. వారికి అర్థమగు భాషలో చెప్పినవాడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో యంత్రశాస్త్రము బోధించిన ఇవాన్ విష్ణెగ్రాద్‌స్కీ. 1876లో ఆయన చెప్పిన సంగతి నాకు ఈ చరిత్ర అంతటిలోను మిక్కిలి అందమైనదిగా తోచును. పాత గవర్నరులు మోటువి, బిర్రుగా తిరిగెడివి. ఆ ఘర్షణయే ఊగులాటను మింగివేసెడిది. క్రొత్త పనివారు ఘర్షణను దోషముగా నెంచి, ఇరుసులకు నునుపు పెట్టి, తైలము పోసి, దానిని పోగొట్టినారు. దానితోపాటు నిలకడయు పోయినది. ఘర్షణ లేనిదే గవర్నరు లేదని ఆయన తేల్చిచెప్పినాడు. మంచి పనితనము యంత్రమును చెడగొట్టినదని మేస్త్రీలను ఒప్పించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. ఈ విష్ణెగ్రాద్‌స్కీయే 1887 మొదలు 1892 వరకు రష్యా సామ్రాజ్యమునకు ఆర్థికమంత్రిగా ఉన్నాడు. ఖజానా నడుపబోవువారికి ఇంతకంటె తగిన చదువు మరొకటి ఉన్నదా యని సందేహము.

తరువాతి అధ్యాయము మన రేడియోపెట్టెకు దగ్గరి చుట్టము. అమెరికాలో వేల మైళ్ళ దూరము టెలిఫోను మాటలను మోయుటకు దారి పొడుగున ఆంప్లిఫయరులు పెట్టవలసివచ్చినది. ఒక్కొక్కటి మాటను కొంత వికృతము చేయును. పదులకొలది దాటుసరికి మాట మాటగా ఉండదు. 1927 ఆగస్టు 2న ఉదయము హెరాల్డ్ బ్లాక్ అను యువ ఇంజనీరు హడ్సన్ నదిపై పడవలో పనికి పోవుచుండగా ఉపాయము తోచినది. కాగితము లేక చేతనున్న న్యూయార్క్ టైమ్స్ పుటపైననే లెక్క వేసినాడు. ఆంప్లిఫయరు ఇచ్చిన ధ్వనిలో కొంత భాగమును వెనుకకు త్రిప్పి, వచ్చుదానికి ఎదురుగా పెట్టవలెను. బలము తగ్గును గాని దానితోపాటు వికృతియు ఎంతయో తగ్గును. బలమును చేజేతుల పారవేయు ఈ ఉపాయము వినువారికి పిచ్చిగా తోచినది. పేటెంటు చేతికి వచ్చుసరికి 1937 డిసెంబరు అయినది. ఇట్టి ఆంప్లిఫయరు ఎప్పుడు కూతపెట్టునో, ఎప్పుడు పెట్టదో ముందుగనే గీత గీసి చెప్పు పద్ధతిని 1932లో హారీ నైక్విస్ట్ కనిపెట్టినాడు. ఆనాటి మా పందిరి కూతకు జాతకము వ్రాసినవాడు ఆయనయే.

ఇంతవరకు అందరి ప్రశ్నయు ఒక్కటే: నిలుచునా, పడునా? రెండవ ప్రపంచయుద్ధము తరువాత విమానములు, క్షిపణులు, రాకెట్లు వచ్చిన కాలమున ప్రశ్న మారినది. నిలుపుటకు వేయి మార్గములున్నప్పుడు ఏది మేలు? మరల కర్రను చూడుడు. కొన వెంట్రుకవాసి కదలినను చేతిని గబగబ ఆడించువాడు కర్రను నిక్కముగా నిలుపును గాని చేయి త్వరలో అలసిపోవును. బద్ధకముగా ఆడించువానికి శ్రమ తక్కువ. కర్ర మాత్రము తాగినవానివలె ఊగును. తప్పునకు ఒక వెల, శ్రమకు ఒక వెల కట్టి, ఆట సాగినంతసేపటి రెండు ఖర్చులను కూడినచో వచ్చు మొత్తము అన్నింటికంటె తక్కువయగు మార్గమేది? దీనినే ఉత్తమ నియంత్రణము అన్నారు.

అమెరికాలో రిచర్డ్ బెల్‌మన్ దీనిని గమ్యమునుండి వెనుకకు లెక్కించుకొనుచు సాధించు పద్ధతిని 1957 నాటి తన గ్రంథములో వివరించినాడు. మాస్కోలో లెవ్ పొంట్రియాగిన్ తన శిష్యులతో కలిసి 1956లో మరియొక మార్గము చూపినాడు. పొంట్రియాగిన్ పదునాలుగవ యేట ఇంటిలో స్టవ్ ప్రేలి చూపు కోల్పోయినవాడు. గణితము చదువుకొనని తల్లి గణిత గ్రంథములను ఆయనకు చదివి వినిపించినది. పేరు తెలియని గుర్తులను వాటి ఆకారమును బట్టి వర్ణించి చెప్పినది. ప్రతిదినము చెవులతో లోకమును చూచు శ్రోతలకు ఈ తల్లి సంగతి చెప్పకుండ ముందుకు పోజాలను.

ఇంజనీరు చేతికి పనిముట్టుగా దీనిని అందించినవాడు రుడాల్ఫ్ కాల్మన్. బుడాపెస్టులో 1930లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు. 1960లో ఆయన ప్రకటించిన ఫలితము ఆశ్చర్యకరముగా తేలిక. కర్ర వాలు ఎంత, వాలు మారు వేగమెంత, చేయి ఎచ్చటనున్నది, ఎంత వేగముగా కదలుచున్నది, ఈ నాలుగు అంకెలను తెలిసికొని ఒక్కొక్కదానిని ఒక్కొక్క నిలుకడ సంఖ్యతో గుణించి కూడినచో, చేతిని ఎంత బలముతో త్రోయవలెనో వచ్చును. ఆ సంఖ్యలను ఒక్కసారి లెక్కించి పెట్టుకొన్న చాలును. వాటినిచ్చు సమీకరణమునకు పదునెనిమిదవ శతాబ్దపు వెనీసు దేశపు ప్రభువు రికాటి పేరు కలదు. ఆ ప్రభువునకు రాకెట్లను గురించిన కల కూడ వచ్చియుండదు.

కాని నాలుగు అంకెలను ఎవరు చెప్పుదురు? కొలతలు అన్నియు సరిగా అందవు. అందినవానిలోను గురగుర ఉండును, దూరపు స్టేషనును రాత్రివేళ పట్టినప్పటివలె. అదే సంవత్సరము కాల్మన్ దీనికిని ఉపాయము చెప్పినాడు: లెక్క చెప్పుదానిని, కొలత చెప్పుదానిని వాటి వాటి నమ్మకమును బట్టి కలిపి, కనబడని దానిని అంచనా కట్టుట. అమెరికా అంతరిక్ష సంస్థలో స్టాన్లీ ష్మిట్ దీనిని చంద్రయాత్రకు పనికివచ్చునట్లు మలచినాడు. అపోలో నౌకలు దీని సాయముతో దారి తెలిసికొన్నవి.

ఇక అంచనాను, ఉత్తమ నియంత్రణమును జోడించినచో అన్ని యంత్రములును నిలుచునని చాలమంది నమ్మినారు. నమ్మకమునకు ఆధారము లేకపోలేదు. కొలతలన్నియు సరిగా అందినప్పుడు కాల్మన్ పద్ధతి మిక్కిలి ఓర్పుగలది. త్రోపు బలము లెక్కించినదానిలో సగమునకు పడిపోయినను, ఎన్ని రెట్లు పెరిగినను కర్ర పడదని 1977లో రుజువైనది. అంచనాను కలిపిన తరువాత కూడ ఇంత పూచీ ఉన్నదా? 1978లో జాన్ డాయిల్ అను యువకుడు ఒక చిన్న వ్యాసములో జవాబు చెప్పినాడు. వ్యాసమునకు మొదట వేయు సారాంశము ఇంగ్లీషున మూడే మాటలు. ఏ పూచీయు లేదని వాని భావము. ఉత్తమమని గణితము తేల్చినది, కాగితముపై వ్రాసిన యంత్రమునకు ఉత్తమము. నిజమైన యంత్రము దానికి ఆవగింజంత భిన్నముగా ఉన్నచో, అదే ఉత్తమ నియంత్రణము దానిని పడద్రోయవచ్చును. ఖర్చు తగ్గించుటలో మునిగి, మన అజ్ఞానమునకు వెల కట్టుట మరచినామన్నమాట. ఆ తరువాతి గణితము చాలవరకు ఈ మరపును దిద్దుకొనుటకే పనిచేసినది.

ఈ మాట వట్టి కాగితపు తగవు కాదని తెలియుటకు దూరదేశములకు పోనక్కరలేదు. పులికాట్ సరస్సునకు, సముద్రమునకు నడుమనున్న శ్రీహరికోట మన తీరముననే కలదు. పైకి ఎగయు రాకెట్టు అరచేతిపై నిలిచిన కర్రయే. క్రిందినుండి త్రోయుచున్న మంట చేయి వంటిది. కర్ర వాలినపుడు చేతిని జరిపినట్లే, రాకెట్టు వాలినపుడు త్రోపు దిశను మార్చవలెను. 1979 ఆగస్టు 10న మన తొలి ఉపగ్రహ వాహనమైన ఎస్.ఎల్.వి.-3 లేచినది. రెండవ అంచెను నిలకడగా పట్టుకొను ఏర్పాటులో ఒక కవాటము బిగుసుకొని, అందుండవలసిన ఆమ్లము కారిపోయినది. కన్ను చూచుచునే ఉన్నది, చేతిలో సత్తువ లేదు. రాకెట్టు అదుపు తప్పి సముద్రములో పడినది. 1980 జులై 18న అదే తరగతి వాహనము రోహిణిని కక్ష్యలో నిలిపినది.

దాని తరువాతిది ఎ.ఎస్.ఎల్.వి. ప్రక్కల కట్టిన రెండు మోటార్లు మండి ఆరిపోవుట, నడిమి మోటారు అంటుకొనుట, ఈ రెంటి నడుమ క్షణమాత్రపు సంధి. గాలి ఒత్తిడి ఎక్కువగా ఉన్న వేళ అది. 1987 మార్చి 24న నడిమి మోటారు అంటుకొననే లేదు. 1988 జులై 13న అంటుకొన్నది గాని, ఆ సంధికాలమున రాకెట్టును నిలుపుటకు దిద్దుబాటు బలము చాలలేదు. వాలు హద్దుమీరి వాహనము విరిగినది. అప్పుడు నిపుణులు చేసిన మార్పులలో ఒకటి ముచ్చటైనది. నడిమి మోటారును ముందుగా నిర్ణయించిన క్షణమున వెలిగించుట మాని, ప్రక్క మోటార్ల త్రోపు నిజముగా తగ్గుటను కనిపెట్టి వెలిగించు ఏర్పాటు చేసినారు. గడియారమును నమ్ముట మాని తిరుగువార్తను నమ్మినారు. రాకెట్టునకు రెక్కలును తగిలించినారు. 1992 మే 20న అది విజయము పొందినది. 1993 సెప్టెంబరు 20న పి.ఎస్.ఎల్.వి. తొలి ప్రయోగములో మరియొక విధమైన తప్పు. రెండవ అంచె విడివడునప్పుడు కలిగిన కుదుపును దిద్దు లెక్కలో ఒక అంకె దానికి కేటాయించిన గడిని మించిపోయినది. చూపు ఉన్నది, చేయి ఉన్నది, నడుమ లెక్క తప్పినది. దిద్దిన వాహనము 1994 అక్టోబరు 15న ఉపగ్రహమును కక్ష్యలో ఉంచినది.

ఇక కాళ్ళపై నడచు మరమనుషుల సంగతి. జపానులోని వాసెడా విశ్వవిద్యాలయమున ఇచిరో కాటో బృందము 1973లో పూర్తిచేసిన వాబాట్-1 రెండు కాళ్ళపై నడచినది. కాని శరీరభారము ఎల్లప్పుడును ఏదో ఒక పాదముమీదనే ఉండునట్లు, బురదగట్టుపై ముసలివాడు నడచినట్లు నడచినది. అమెరికాలో మార్క్ రెయిబర్ట్ 1980 ప్రాంతమున దీనికి పూర్తిగా ఎదురైన దారి పట్టినాడు. ఆయన యంత్రమునకు ఒకటే కాలు. ఒంటికాలి యంత్రము ఊరక నిలువలేదు. గెంతుచుండవలసినదే, ఆగినచో పడును. దానికి ఆయన పెట్టిన నియమములు మూడే: ఎంత ఎత్తు గెంతవలెను, నేలపై నున్నపుడు మొండెము నెట్లు నిటారుగా ఉంచవలెను, తరువాతి అడుగు ఎక్కడ వేయవలెను. మూడవదే కీలకము. శరీరము ఎటు పడబోవుచున్నదో పాదము అటే పడవలెను. మరల మన చేతికర్రయే.

2015 జూన్ 5, 6 తేదీలలో కాలిఫోర్నియాలోని పొమోనాలో మరమనుషులకు గొప్ప పందెము జరిగినది. విపత్తు జరిగిన కర్మాగారములోనికి మనిషికి బదులు పోవలెనన్నది ఉద్దేశము. 2011 నాటి ఫుకుషిమా అణుకేంద్ర ప్రమాదము ఈ పందెమునకు ప్రేరణ. కారు నడపుట, తలుపు తెరచుట, కవాటము త్రిప్పుట, గోడకు రంధ్రము చేయుట, మెట్లెక్కుట మొదలైనవి పనులు. వచ్చినవానిలో చాల యంత్రములకు కాల్మన్ నాటి గణితమే, మరికొంత పదునుపెట్టబడి, వెన్నెముకగా ఉండెను. అయినను అవి వరుసగా పడినవి. ఒకటి తలుపు పిడి అందుకొనబోయి పడినది. ఒకటి ఇసుకనేలపై అడుగువేసి పడినది. పిడి కొంచెము బిర్రుగా ఉండుట, నేల కొంచెము మెత్తగా ఉండుట, ఇవి లెక్కలో లేవు.

రెండు మిలియన్ డాలర్ల మొదటి బహుమతి గెలిచినది దక్షిణ కొరియాకు చెందిన హ్యూబో. దాని మోకాళ్ళకు, పాదములకు చిన్న చక్రములు అమర్చినారు. నిలబడనక్కరలేని పని వచ్చినప్పుడెల్ల అది మోకాళ్ళపై కూర్చుండి, చక్రములపై జరుగుచు పని ముగించుకొన్నది. మెట్లు ఎదురైనప్పుడు మాత్రము లేచి నిలిచినది. ఎనిమిది పనులును 45 నిమిషములలోపల పూర్తియైనవి.